ఎల్‌వై చేర్చే ముందు ‘గా’ సంగతి తేల్చుకోండి

ప్రశ్న: ప్రొద్దుటూరులో తొమ్మిది, పది తరగతుల పిల్లలకు ట్యూషన్ చెబుతున్నాను. అడ్జెక్టివ్ (విశేషణం) చివర ఎల్‌వై అక్షరాలు చేరిస్తే అడ్వర్బ్ (క్రియావిశేషణం) అవుతుందనీ, తెలుగులో ‘గా’ వచ్చినచోట అది వాడాలనీ చెప్పాను. ఇప్పుడు ‘షి ఈజ్ బ్యూటిఫుల్లీ’, ‘హి రన్స్ ఫాస్ట్‌లీ’, ‘హి టాక్డ్ ఫ్రెండ్లీ’ అని రాస్తున్నారు. స్పెల్లింగులు కూడా తప్పుతున్నాయి. ఎక్కడినుంచి సరిచేయాలి?

జవాబు:

మాస్టారూ, మీరు రాసిన మూడు తప్పులకూ మూడు వేర్వేరు కారణాలున్నాయి. ఒక్క సూత్రంతో మూడూ పోవు. స్పెల్లింగు వీటన్నిటికన్నా తేలిక, దాన్ని చివరికి ఉంచుకున్నా నష్టం లేదు. ముందు సరిచేయాల్సింది ‘గా’ వస్తే ఎల్‌వై వస్తుందన్న లెక్క.

మన ‘గా’ రెండు పనులు చేస్తుంది. ‘ఆమె తియ్యగా పాడింది’ అంటే పాడటం ఎలా సాగిందో చెబుతున్నాం. ‘బనగానపల్లె మామిడి తియ్యగా ఉంది’ అంటే పండు ఎలాంటిదో చెబుతున్నాం. తెలుగులో రెంటికీ రూపం ఒకటే. ఇంగ్లీషు ఈ రెండింటినీ విడదీస్తుంది. మొదటిది ‘షి శాంగ్ స్వీట్లీ’, రెండోది ‘ద మ్యాంగో ఈజ్ స్వీట్’. ఈ జంటను బోర్డు మీద పక్కపక్కన రాసి, ‘గా’ పనిని చెబుతోందా, వస్తువును చెబుతోందా అని పిల్లలనే అడగండి. పనిని చెబితే ఎల్‌వై. వస్తువునో మనిషినో చెబితే ఒట్టి అడ్జెక్టివ్.

వెనక ‘ఉంది, ఉన్నాడు, అయింది, అనిపించింది, కనిపించింది’ లాంటి మాట ఉంటే దాదాపు ఎప్పుడూ ఎల్‌వై రాదు. ఇంగ్లీషులో వీటికి సాటివచ్చే క్రియలు బి, బికమ్, సీమ్, ఫీల్, లుక్, స్మెల్, టేస్ట్, సౌండ్. బొరుగులతో చేసే ఉగ్గాని రుచిగా ఉంటే ‘ద ఉగ్గాని ఈజ్ టేస్టీ’ లేదా ‘టేస్ట్స్ గుడ్’. ‘టేస్టిలీ’ అనకూడదు. చిక్కల్లా వీటిలో కొన్నిటికి రెండో అర్థం కూడా ఉండటమే. ‘నాన్న కోపంగా కనిపించాడు’ అంటే ‘ఫాదర్ లుక్డ్ యాంగ్రీ’. ‘నాన్న నావైపు కోపంగా చూశాడు’ అంటే ‘ఫాదర్ లుక్డ్ ఎట్ మి యాంగ్రిలీ’. రెండోచోట లుక్ నిజంగా ఒక పని. దీన్ని తేల్చడానికి నమ్మదగిన పరీక్ష ఒకటుంది. ఆ క్రియ తీసేసి అక్కడ ‘వాజ్’ పెట్టి చూడండి. ‘ఫాదర్ వాజ్ యాంగ్రీ’ అన్నా వాక్యం నిలబడుతుంది కాబట్టి అడ్జెక్టివ్ సరి. ‘ఫాదర్ వాజ్ ఎట్ మి’ అంటే ఆ అర్థం పోతుంది కాబట్టి అక్కడ అడ్వర్బ్ కావాలి.

పాఠ్యపుస్తకాలు పెద్దగా పట్టించుకోని ఇంకో రకం ఉంది. ‘గోడకు తెల్లగా రంగు వేశారు’, ‘సంగటి వేడిగా తిను’, ‘బట్టలు తెల్లగా ఉతికింది’. ఇక్కడ క్రియలు పనులే అయినా తెలుపు గోడది, వేడి సంగటిది. అందుకే ‘దే పెయింటెడ్ ద వాల్ వైట్’, ‘ఈట్ ద సంగటి హాట్’. ‘వైట్లీ’, ‘హాట్లీ’ అని రాస్తే తప్పు. పని ముగిశాక వస్తువు ఎలా అయిందో, పని జరిగేటప్పుడు అది ఎలా ఉందో చెప్పే మాటకు ఎల్‌వై అక్కర్లేదని చెబితే తొమ్మిదో తరగతి పిల్లలకు అందుతుంది.

ఇక నామవాచకానికి తగిలే ‘గా’ పూర్తిగా వేరు. ‘కర్నూలులో లాయరుగా ఉన్నాడు’ అంటే ‘యాజ్ ఎ లాయర్’. ‘మూడేళ్లుగా’ అంటే ‘ఫర్ త్రీ ఇయర్స్’. ఇక్కడ ఎల్‌వై మాటే రాదు. అలాగే ‘బాగా’ ఒక్కటే మూడు దారులు పడుతుంది. ‘బాగా పాడింది’ అంటే వెల్, ‘బాగా అలసిపోయింది’ అంటే వెరీ, ‘బాగా వాన పడింది’ అంటే హెవిలీ. గుడ్‌కు అడ్వర్బ్ వెల్. ‘గుడ్లీ’ అన్న అడ్వర్బ్ వాడుకలో లేదు.

దీనికి తిరగేసిన తప్పు కూడా జరుగుతుంది, గమనించండి. తెలుగులో ‘గా’ లేకుండానే అడ్వర్బులు బోలెడు. గబగబా, టక్కున, చప్పున, మన వైపు ‘త్వరగా రా’ అనడానికి వాడే ‘బిన్నా రా’లోని బిన్నా. ‘గా’ కనపడలేదని పిల్లలు ‘కమ్ క్విక్’, ‘హి ఆన్సర్డ్ సడెన్’ అని వదిలేస్తారు. మాటల్లో క్విక్ చెల్లుతుంది గానీ పరీక్షలో క్విక్లీ, సడెన్లీ రాయడమే మంచిది.

ఇప్పుడు ఫ్రెండ్లీ. ఎల్‌వై తీసేస్తే ఏం మిగులుతుందో చూడమనండి. అడ్జెక్టివ్ మిగిలితే మొత్తం మాట అడ్వర్బ్: స్లో, స్లోలీ. నామవాచకం మిగిలితే మొత్తం మాట అడ్జెక్టివ్: ఫ్రెండ్, ఫ్రెండ్లీ. లవ్లీ, మదర్లీ, బ్రదర్లీ, కౌవర్డ్లీ (పిరికి), కాస్ట్లీ, టైమ్లీ, ఆర్డర్లీ అన్నీ ఈ కోవలోవే. లోన్లీ, ఎల్డర్లీ, అగ్లీ, సిల్లీ కూడా అడ్జెక్టివులే, వీటిని విడిగా గుర్తుంచుకోవాలి. వీటికి మళ్లీ ఎల్‌వై తగిలించి ‘ఫ్రెండ్లిలీ’ అంటే వినడానికే బాగుండదు. ‘హి టాక్డ్ టు అజ్ ఇన్ ఎ ఫ్రెండ్లీ వే’ అనాలి. ‘ఇన్ ఎ ... వే’ అనే ఈ చట్రం పిల్లలకు కంఠతా వచ్చేయాలి. ఈ పరీక్షకు లొంగనివి కొన్ని ఉన్నాయి: పార్ట్లీ, నేమ్లీ, పర్పస్లీ నామవాచకం నుంచి వచ్చినా అడ్వర్బులే. కాలాన్ని చెప్పే డైలీ, వీక్లీ, మంత్లీ, ఇయర్లీ అటూ ఇటూ పనిచేస్తాయి. ‘ఎ డైలీ పేపర్’లో అడ్జెక్టివ్, ‘ద పేపర్ కమ్స్ డైలీ’లో అడ్వర్బ్. ఫ్యామిలీ, సప్లై, రిప్లై, అప్లై మాటల్లో చివర ఎల్‌వై అక్షరాలున్నాయి గానీ అది ప్రత్యయం కాదు.

పదో తరగతి పిల్లలకు మార్కులు ఎక్కువగా పోయేది ఇంకోచోట. సరైన పదరూపం రాయమని నామవాచకమో క్రియో ఇస్తారు. పిల్లవాడు దానికే నేరుగా ఎల్‌వై అంటించి ‘సక్సెస్లీ’, ‘సైలెన్స్లీ’ అని రాస్తాడు. మధ్యలో ఒక మెట్టు దాటేశాడన్నమాట. ముందు అడ్జెక్టివ్ చేయాలి, ఆ తర్వాతే ఎల్‌వై. సక్సెస్, సక్సెస్‌ఫుల్, సక్సెస్‌ఫుల్లీ. డేంజర్, డేంజరస్, డేంజరస్లీ. లక్, లక్కీ, లక్కిలీ. నేషన్, నేషనల్, నేషనల్లీ. కేర్ నుంచి రెండు దారులు: కేర్‌ఫుల్లీ, కేర్‌లెస్లీ. ఏది రాయాలో వాక్యం అర్థమే చెప్పాలి. చివర ‘ఎన్‌సిఇ’ ఉన్న నామవాచకాలకు చక్కటి దారి ఉంది, దాన్ని ‘ఎన్‌టి’ చేస్తే చాలావాటికి అడ్జెక్టివ్ వచ్చేస్తుంది: సైలెన్స్, సైలెంట్, సైలెంట్లీ. పేషెన్స్, ఒబీడియన్స్, డిఫరెన్స్, ఇంపార్టెన్స్ అన్నీ ఇలాగే నడుస్తాయి. క్రియ ఇస్తే అట్రాక్ట్, అట్రాక్టివ్, అట్రాక్టివ్లీ. డిసైడ్, డిసైసివ్, డిసైసివ్లీ. మూడు గళ్లు గీయించి మధ్య గడి ఖాళీగా వదలనివ్వకండి.

ఐఎన్‌జి, ఇడి రూపాలు అడ్జెక్టివులుగా పనిచేస్తున్నప్పుడు వాటికీ ఎల్‌వై చేరుతుంది: సర్‌ప్రైజింగ్లీ, ఇంక్రీసింగ్లీ, ఎక్సైటెడ్లీ, రిపీటెడ్లీ. ఉచ్చారణలో ఒక తేడా చెప్పండి. సపోజ్డ్ అన్నప్పుడు చివరి ఇడి కలిసిపోతుంది. ఎల్‌వై చేరగానే అది విడి అక్షరంగా పలుకుతుంది: సపోజిడ్లీ, మార్కిడ్లీ, అలెజిడ్లీ.

స్పెల్లింగుకు వద్దాం. మూలపదం ఉన్నదున్నట్టు ఉంచి ఎల్‌వై చేర్చడమే మామూలు పద్ధతి. తప్పులు ఎక్కువగా వచ్చేది ఈ మామూలు పద్ధతిని నమ్మకపోవడం వల్లే. ఫైనల్, రియల్, యూజువల్, కేర్‌ఫుల్ ఒక్క ఎల్‌తో ముగుస్తాయి. ఎల్‌వైలో ఇంకో ఎల్ ఉంది. అందుకే ఫైనల్లీ, రియల్లీ, యూజువల్లీ, కేర్‌ఫుల్లీలలో రెండు ఎల్‌లు వస్తాయి. పలికేటప్పుడు ఒక్కటే వినపడుతుంది కాబట్టి పిల్లలు ఒకటి మింగేస్తారు. ఫుల్, డల్ లాంటివి ముందే రెండు ఎల్‌లతో ముగుస్తాయి, వాటికి మూడో ఎల్ అక్కర్లేదు, వై ఒక్కటి చేరిస్తే చాలు.

చివరి మూగ ఇ పోదు. పొలైట్, సిన్సియర్, ఎక్స్‌ట్రీమ్, కంప్లీట్, ఇమీడియట్, డెఫినిట్ అన్నీ ఇ ఉంచుకునే ఎల్‌వై తీసుకుంటాయి. ఐఎన్‌జి చేర్చేటప్పుడు ఇ తీసేయడం అలవాటై పిల్లలు ఇక్కడా తీసేస్తారు. ఐఎన్‌జి అచ్చుతో మొదలవుతుంది, ఎల్‌వై హల్లుతో మొదలవుతుంది, అందుకే ఈ తేడా. ట్రూ, డ్యూ, హోల్ (మొత్తం) అనే మూడు మాత్రం ఇ వదిలేస్తాయి: ట్రూలీ, డ్యూలీ, హోల్లీ. ఉత్తరం చివర ‘యువర్స్ ట్రూలీ’, ‘యువర్స్ సిన్సియర్లీ’ రాసేటప్పుడు మొదటిదాంట్లో ఇ ఉండదు, రెండోదాంట్లో ఉంటుంది. లెటర్ రైటింగులో ఈ ఒక్క అక్షరానికే మార్కు పోతుంది.

హల్లు తర్వాత ఎల్‌ఇ వస్తే ఇ తీసి వై పెట్టాలి: జెంటిల్, జెంట్లీ, సింపుల్, సింప్లీ, పాసిబుల్, పాసిబ్లీ, టెరిబుల్, టెరిబ్లీ, కంఫర్టబుల్, కంఫర్టబ్లీ. ఐడిల్ (పనిలేని) నుంచి వచ్చే ఐడ్లీకి హోటల్ బోర్డుల మీద ఇడ్లీకి రాసే ఐ, డి, ఎల్, వై అక్షరాలే వస్తాయి, పిల్లలకు ఇట్టే గుర్తుంటుంది. ఎల్‌ఇకి ముందు అచ్చు ఉంటే ఈ సూత్రం వర్తించదు. సోల్ (ఏకైక) నుంచి సోల్లీ, ఇ అలాగే ఉంటుంది.

హల్లు తర్వాత వై ఉంటే దాన్ని ఐ చేయాలి: హ్యాపీ, ఈజీ, హెవీ, యాంగ్రీ, లేజీ. పెద్ద మాటలకూ ఇదే: నెసెసరీ, టెంపరరీ, వాలంటరీ. ఒకే అక్షరభాగం ఉన్న షై, స్లై మాత్రం వై ఉంచుకుంటాయి: షైలీ, స్లైలీ. డ్రైకి వైతో రాసినా ఐతో రాసినా సరే.

ఇక అన్నిటికంటే ఎక్కువ జారేది ఐసి తోక. బేసిక్, ఆటోమేటిక్, సైంటిఫిక్, డ్రమాటిక్, సిస్టమాటిక్ లాంటి వాటికి ఎల్‌వై కాదు, ఎ-ఎల్-ఎల్-వై చేరుతుంది. మనం పలికేది ‘బేసిక్లీ’ అనే. మధ్యలోని ఎ-ఎల్ చెవికి అందదు కాబట్టి చేతికీ అందదు. పబ్లిక్ ఒక్కటి అందరికీ తెలియాల్సిన మినహాయింపు: పబ్లిక్లీకి నేరుగా ఎల్‌వై. యాక్సిడెంటల్లీ, ఇన్సిడెంటల్లీలలో కూడా చెవి మోసం చేస్తుంది. మూలపదం యాక్సిడెంట్ కాదు, యాక్సిడెంటల్ అని చెబితే ఎ-ఎల్ ఎందుకుండాలో పిల్లలకే తెలుస్తుంది. ఎకనామిక్, ఎకనామికల్ రెండింటికీ అడ్వర్బ్ ఒక్కటే, ఎకనామికల్లీ.

ఫాస్ట్ దగ్గరికి వస్తే ‘ఫాస్ట్‌లీ’ ఎందుకు లేదని పిల్లలు తప్పకుండా అడుగుతారు. పాత ఇంగ్లీషులో అడ్జెక్టివ్ చివర ఇ చేర్చి అడ్వర్బ్ చేసేవారు. కాలక్రమంలో ఆ ఇ రాలిపోయి రెండు రూపాలూ ఒకటైపోయాయి. ఫాస్ట్, హార్డ్ అలా మిగిలినవే. ఎల్‌వై వేరే దారిలో వచ్చింది. దాని పాత రూపం ‘లీచె’, శరీరం, ఆకారం అనే అర్థమున్న మాట నుంచి పుట్టింది. ఇప్పటికి ఎల్‌వై అక్కర్లేనివి ఫాస్ట్, హార్డ్, స్ట్రెయిట్, ఎర్లీ, ఫార్, లాంగ్, ‘లో’ (తక్కువ ఎత్తున). ఎర్లీలో ఉన్న ఎల్‌వై చాలు, ఇంకొకటి చేర్చకండి. స్లో, లౌడ్ లాంటివి రెండు విధాలా నడుస్తాయి. ఘాట్ రోడ్డు మీద ‘గో స్లో’ అన్న బోర్డు తప్పేమీ కాదు. డిఫికల్ట్‌కు వాడుకలో అడ్వర్బ్ లేదు, ‘విత్ డిఫికల్టీ’ అనాలి.

కొన్నిటికి రెండు రూపాలూ ఉంటాయి, అర్థాలే వేరు. ‘ఇట్ రెయిన్డ్ హార్డ్ ఇన్ అనంతపూర్’ అంటే అనంతపురంలో వాన దంచికొట్టింది. ‘ఇట్ హార్డ్లీ రెయిన్డ్ ఇన్ అనంతపూర్’ అంటే వాన పడలేదన్నంత తక్కువ. ఒక్క ఎల్‌వైతో అర్థం తలకిందులైంది. హార్డ్లీలో ‘లేదు’ అనే భావం ఇమిడే ఉంది కాబట్టి దానితో నాట్ కలపకూడదు. ‘కష్టపడి చదివాడు’ అనబోయి ‘హి హార్డ్లీ స్టడీడ్’ అని రాసే పిల్లవాడు దాదాపు చదవలేదని రాస్తున్నాడు. లేట్ అంటే ఆలస్యంగా, లేట్లీ అంటే ఈమధ్య. నియర్ అంటే దగ్గర, నియర్లీ అంటే సుమారుగా, ఇంచుమించు. హై అంటే ఎత్తున, హైలీ అంటే ఎంతో: ‘ఎ హైలీ రెస్పెక్టెడ్ టీచర్’. ఈ రెండు మాటల మధ్య హైఫన్ రాదు. ఫ్రీ అంటే డబ్బు కట్టకుండా, ఫ్రీలీ అంటే అడ్డు లేకుండా. షార్ట్లీ అంటే కాసేపట్లో, గుంతకల్లు జంక్షన్లో ‘ద ట్రెయిన్ విల్ అరైవ్ షార్ట్లీ’ అని వినిపించేది ఇదే. మోస్ట్లీ అంటే ఎక్కువ భాగం, మోస్ట్ అంటే అన్నిటికంటే. వీటిని జాబితాగా బట్టీ పట్టిస్తే నిలవవు. ఒక్కో జతకు ఒకే వాక్యం, అందులో అడ్వర్బ్ మాత్రమే మారేలా రాయించండి.

ఎల్‌వై కాని ప్రత్యయాలు తక్కువే, ఒక్క పూటలో చెప్పేయొచ్చు. దిక్కుకు వార్డ్స్: బ్యాక్‌వర్డ్స్, అప్‌వర్డ్స్, హోమ్‌వర్డ్స్. బ్రిటిష్ పద్ధతిలో అడ్వర్బ్‌కు ఎస్ ఉంటుంది, అడ్జెక్టివ్‌కు ఉండదు: ‘వాక్ బ్యాక్‌వర్డ్స్’, కానీ ‘ఎ బ్యాక్‌వర్డ్ ఏరియా’. అమెరికన్లు రెండుచోట్లా ఎస్ లేకుండా రాస్తారు. తీరుకు వైజ్: గుడిలో ప్రదక్షిణ క్లాక్‌వైజ్, బజ్జీకి మిరపకాయ చీల్చేది లెంత్‌వైజ్. అదర్‌వైజ్, లైక్‌వైజ్ కూడా ఈ కుటుంబమే. ఆఫీసుల్లో మండల్‌వైజ్, డిస్ట్రిక్ట్‌వైజ్ అని పేరుకల్లా వైజ్ తగిలిస్తారు, లెక్కల పట్టికలో బాగుంటుంది, వ్యాసంలో వద్దు. పక్కకు సైడ్‌వేస్. రెట్లకు ఫోల్డ్: టెన్‌ఫోల్డ్. చోటుకు వేర్: ఎవ్రీవేర్, సమ్‌వేర్.

అడ్వర్బ్ సరిగా చేసినా చోటు తప్పితే వాక్యం చెడుతుంది. ‘హి స్పీక్స్ ఫ్లూయెంట్లీ ఇంగ్లిష్’, ‘షి స్పీక్స్ వెరీ వెల్ తెలుగు’ అని రాయకూడదు. క్రియకూ దాని కర్మకూ మధ్య అడ్వర్బ్‌ను దూర్చకూడదు. ‘హి స్పీక్స్ ఇంగ్లిష్ ఫ్లూయెంట్లీ’ సరి. ‘షి ఓపెన్డ్ ద బాక్స్ కేర్‌ఫుల్లీ’ అన్నా, ‘షి కేర్‌ఫుల్లీ ఓపెన్డ్ ద బాక్స్’ అన్నా ఫర్వాలేదు. సహాయక్రియ ఉంటే దాని తర్వాత: ‘హ్యాజ్ కంప్లీట్లీ ఫినిష్డ్’. యూజువల్లీ లాంటివి మామూలు క్రియకు ముందు, ఈజ్, ఆర్, వాజ్‌లకు తర్వాత. ఫార్చునేట్లీ వాక్యం మొదట్లో వస్తే వెంటనే కామా. పోల్చేటప్పుడు ఎల్‌వై మాటలకు మోర్: ‘మోర్ క్విక్లీ’. ఫాస్ట్, హార్డ్, ఎర్లీలకు మాత్రం ఫాస్టర్, హార్డర్, ఎర్లియర్.

చెప్పే వరుస విషయానికి వస్తే, మొదటి వారం కాగితం మీద ఎల్‌వై రాయనివ్వకండి. ‘గా’ ఉన్న తెలుగు వాక్యాలు ఓ ఇరవై ఇచ్చి, అది పనిదా, వస్తువుదా అని నోటితోనే చెప్పించండి. కోపంగా, తియ్యగా, శుభ్రంగా, సంతోషంగా, గట్టిగా అనే మాటలు రెండు రకాల వాక్యాల్లోనూ రావాలి, లేకపోతే పిల్లలు మాటను చూసి ఊహిస్తారు, వాక్యం చదవరు. రెండో వారం మూడు గళ్ల పట్టిక, ఫ్రెండ్లీ రకం మాటలు. మూడో వారం స్పెల్లింగు డిక్టేషన్, రోజుకు పది మాటలు చాలు. డిక్టేషన్లో అడ్వర్బ్ చదివితే పిల్లలు ముందు మూలపదం, దాని పక్కన అడ్వర్బ్ రాయాలి. ఎక్స్‌ట్రీమ్లీలో ఇ పోగొట్టిన పిల్లవాడు పక్కనే తాను రాసిన ఎక్స్‌ట్రీమ్ చూసి తనే దిద్దుకుంటాడు. దిద్దుకోలేకపోతే మూలపదం స్పెల్లింగే రాదన్నమాట, అప్పుడు నేర్పాల్సింది అదే. ఫైనల్లీ, రియల్లీ, ట్రూలీ, బేసికల్లీ, పబ్లిక్లీ, యాక్సిడెంటల్లీ, నెసెసరిలీ, డెఫినిట్లీ, జెంట్లీ, హోల్లీ: మొదటి రోజుకు ఈ పదీ ఇవ్వండి. పైన చెప్పిన సూత్రాలు దాదాపు అన్నీ వీటిలో ఉన్నాయి, ఎవరు ఏ సూత్రం దగ్గర జారుతున్నారో మీకు ఆ ఒక్క పేజీలోనే తేలిపోతుంది.